నలభై తొమ్మిదేళ్ల బాలింత

వార్సితి అక్క కుడిచెయ్యి చెడిపోయిందన్న సంగతి మా జెరాకాన్ పేటలో అందరికంటే ముందు కనిపెట్టింది నేనే. ఎవరూ ఒప్పుకోరు, అది వేరే విషయం.

పాతికేళ్లుగా ఆవిడ రోజూ పొద్దున ఆరింటికి నా రిక్షా పక్కన ఆగుతుంది. వీపు మీది బుట్ట కిందికి దించి గొంతుక్కూర్చుంటుంది. బుట్టలో ఎనిమిది సీసాల జమూ. పసుపూ చింతపండూ వేసి కాచినది ఒకటి, బియ్యం కచ్చూరం నూరి కలిపినది ఒకటి, పిప్పళ్లది, తిప్పతీగది, ఇలా దేని కషాయం దానిదే. నాకు తిప్పతీగ పోస్తుంది. ఆ చేదుకి నా మొహం నాలుగు వంకర్లు తిరిగాక, ఇంకో గ్లాసులో తియ్యటి కచ్చూరం పోసిస్తుంది. ఆ రెండోది ఊరికే. చేదు తాగినవాళ్లకి తీపి ఊరికే ఇవ్వడం మా జమూ ఆడవాళ్లందరూ చేసేదే గానీ, మిగతావాళ్లు గుక్కెడు పోస్తే ఈవిడ గ్లాసు నింపుతుంది. ఆ తర్వాత బుట్టని వీపు మీదికి తోసుకుని, పొడుగు గుడ్డ కొసని కుడి భుజం మీదుగా విసిరి, ముందు ముడేసుకుని లేస్తుంది. లేచేటప్పుడు ఆవిడ మోకాళ్లు చేసే చప్పుడుకి పక్క వీధి కోళ్లు తెల్లారిందనుకునేవి.

ఆ రోజు కొస విసరబోయి ఆగిపోయింది. మళ్లీ ప్రయత్నించింది. చెయ్యి భుజం దాకా వచ్చి అక్కడే నిలబడిపోయింది.

"ఒరే జమిన్, ఆ కొస ఇటు అందియ్యి."

"ఏంటక్కా, నువ్వు నన్ను సాయం అడగడమే! ఉండు, తారీఖు రాసుకుంటా."

"వాగకుండా అందియ్యరా."

అందించాను. మర్నాడూ అందించాను. మూడోనాడు ఆవిడ అడక్కుండానే లేచి నిలబడ్డాను. అప్పటికి ఆవిడ గ్లాసు కూడా ఎడంచేత్తో పడుతోంది. పాతిక మంది ఆడవాళ్లు రోజూ ఆవిడ చేతి మీదుగా తాగుతారు కదా, ఒక్కరికీ అనుమానం రాలేదు. వాళ్లు గ్లాసుల్ని చూశారు.

ఆవిడ పిప్పళ్ల కషాయం సంగతి ఒకటి చెప్పాలి. మా పేట చివర రోడ్డు వేసే రోలరు ఒకటి రెండేళ్లు కదలకుండా పడి ఉండేది. దాని డ్రైవరు నడుం నొప్పికి ఒక గ్లాసు తాగి, మిగిలిన గుక్కెడు ఇంజన్లో ఒలకబోసుకున్నాడు. రోలరు కదిలి వెళ్లి నది గట్టు దాకా ఆగలేదు. నమ్మనివాళ్లు గట్టు మీద గాడి చూడొచ్చు. అంత మందు వీపు మీద మోసుకుంటూ తిరిగే మనిషి, ఏనాడూ అందులో ఒక చుక్క తన నోట్లో వేసుకోలేదు. సాయంత్రానికి సీసాల అడుగున ఏమన్నా మిగిలితే ఎదురింటి ముసలాయనకి పోసేస్తుంది. "నీకేదీ?" అంటే "నాకేమైందిరా, రాయిలా ఉన్నా" అంటుంది. ఇలాంటి మాటలు విన్నప్పుడు నాకు ఒళ్లు మండిపోతుంది.

చివరికి నేనే రిక్షాలో కూర్చోబెట్టి, కావాలనే రెండు వీధులు తప్పు తిప్పి, మర్దనా చేసే రెబి ముసలమ్మ గుమ్మం ముందు దించాను. రెబికి ఎనభై దాటాయి. ఆవిడ బొటనవేలు ఒంటి మీద పెడితే పదేళ్ల కిందట తగిలిన దెబ్బ కూడా తన కథ చెప్పుకుంటుంది. అక్క భుజం వెనక నొక్కింది. అక్క పెట్టిన కేకకి నా రిక్షా దానంతటదే రెండడుగులు వెనక్కి జరిగింది.

"ముప్పై అయిదు రోజులు," అంది రెబి. "బుట్ట ఎత్తకూడదు. రోకలి పట్టకూడదు. బకెట్టు, కెటిల్, ఏదీ ముట్టుకోవద్దు."

"మూడు రోజులు," అంది అక్క.

"ఇది చేపల బజారు కాదే బేరమాడ్డానికి."

"అయిదు."

"ఇలాగే మోశావంటే ఆ చెయ్యి కొయ్యబారిపోతుంది. జుట్టు ముడేసుకోడానిక్కూడా పక్కింటివాళ్లని పిలవాలి."

"వారం పెద్దమ్మా. అంతకు మించి నా వల్ల కాదు. నేను కనపడకపోతే జనం ఇంకొకరి దగ్గర తాగుతారు. ఒకసారి నాలిక ఇంకో చేతి రుచికి అలవాటు పడిందా, మళ్లీ నా దగ్గరికి రాదు. పన్నెండు వీధులు సంపాదించడానికి నాకు పాతికేళ్లు పట్టింది."

చిక్కంతా అక్కడే ఉంది. పని మానితే వీధులు పోతాయి. మానకపోతే చెయ్యి పోతుంది, చెయ్యి పోయాక వీధులు ఎలాగూ పోతాయి. ఇది నాకు అర్థమైంది, రెబికి అర్థమైంది. ఆవిడకీ అర్థమైంది, కానీ రేపు పొద్దున ఆరింటికి ఎవరు పోస్తారన్న దగ్గరే ఆవిడ బుర్ర ఆగిపోయింది.

నాకు కోపం ఎందుకంటే, ఈ ముప్పై అయిదు రోజుల లెక్క ఆవిడకి తెలియనిది కాదు. మా పేటలో ఏ ఇంట్లో కాన్పు జరిగినా మర్నాటి నుంచి ముప్పై అయిదు రోజులూ బాలింత కషాయం ఆవిడే మోసుకెళ్లి ఊరికే ఇస్తుంది. ఇచ్చి ఊరుకోదు, కాపలా కాస్తుంది. మా పేట కోడలు నింగ్రుమ్‌కి రెండో కాన్పయిన పదో రోజున వాళ్లత్త ఆ పిల్ల చేత బావి దగ్గర బట్టలు ఉతికిస్తుంటే చూసింది. బుట్ట అక్కడే దించి, బకెట్టు లాక్కుని, "ఇంకోసారి ఈ పిల్ల చేతిలో తడి కనపడిందా, ఈ నీళ్లు నీ నెత్తిన పోస్తా" అంది. ఆ అత్త తన గేదెల్ని కూడా భయపెట్టే మనిషి. ఆ రోజు నోరెత్తకుండా బట్టలు ఉతుక్కుంది. అలాంటి వార్సితి అక్క తన చేతికి వారం ఇస్తానని బేరమాడుతోంది.

సరే, వారమైనా దక్కింది కదా అనుకున్నాం. అక్కడే నేనొక పొరపాటు చేశాను. మంచికే చేశాను, అయినా పొరపాటే. పేట ఆడవాళ్ల ఫోన్ల గుంపు ఒకటుంది. మా ఆవిడ ఫోన్లోంచి అందులో రాసేశాను: "వార్సితి అక్కకి ఒంట్లో బాగాలేదు. వారం రోజులు కషాయం రాదు."

రాయకూడదు. మా వైపు పుట్టినవాడెవడూ అలా రాయకూడదు. ఎవరైనా మంచం పట్టారని తెలిశాక చూడ్డానికి వెళ్లకపోతే అది జన్మంతా చెప్పుకునే తప్పు. ఒక్కరే వెళ్తే ఇంకా తప్పు. మధ్యాహ్నానికి మా వీధి ఆడవాళ్లు ఇరవై మంది వచ్చారు. ఒక్కొక్కరి చేతిలో కిలో పంచదార, టీ పొట్లం. చాపలు పరిచారు, కూర్చున్నారు, దువా చేశారు, చెయ్యి ఎలా ఉందని అడిగారు. ఇంటికొచ్చినవాళ్లకి టీ ఇవ్వకుండా ఎలా? అక్క లేచింది. పెద్ద కెటిల్ పొయ్యి మీద పెట్టింది, అరటికాయలు కోసి వేయించింది. "ఎందుకు వదినా, నువ్వు పడుకో" అని అందరూ అన్నారు. అన్నవాళ్లందరూ తిన్నారు.

రెండోనాడు ఆవిడ పుట్టింటి ఊరి నుంచి ఇసుక లారీ వచ్చింది. అందులో నిలబడి నలభై ముగ్గురు ఆడవాళ్లు. లెక్క నాదే, దించింది నేనే కదా. లారీ వెనక తలుపు తీస్తే పెళ్లివారు దిగినట్టు దిగారు. నలభై మూడు కిలోల పంచదార. ఆ ఇంట్లో చీమలకి ఆ రోజు పండగ. నలభై మూడు గ్లాసుల టీ, ఇంతదూరం వచ్చారు కదా అని తలా ఒక గ్లాసు పసుపు కషాయం, అదీ అప్పటికప్పుడు దంచి. రోకలి ముట్టుకోవద్దన్న చేత్తోనే దంచింది.

మూడోనాటి సాయంత్రం వెళ్లేసరికి అక్క గోడకి చేరగిలబడి ఉంది. చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. ముందు భుజం దాకా వచ్చేది, ఇప్పుడు రొమ్ము దాకా కూడా రావడం లేదు.

"ఒరే, ఎవడ్రా ఆ గుంపులో రాసింది?"

"నేనే అక్కా. నీ మంచికే..."

"నీ మంచి మండిపోను! బుట్ట మోసుకుంటూ వీధుల్లో తిరిగినా ఇంత అలసట లేదు. అక్కడ ఒక్కొక్క గుమ్మం దగ్గర రెండు నిమిషాలు కూర్చునేదాన్ని. మూడు రోజులైంది, కూర్చోలేదురా నేను."

"వాళ్లకి చెప్పొచ్చుగా, చేతకావడం లేదని."

"ఇంటికొచ్చినవాళ్లతోనా? నీకు చదువు అబ్బలేదు సరే, ఇంగితం కూడా అబ్బలేదు."

నేను పోట్లాడలేదు. రెబి ముసలమ్మని పిలుచుకొచ్చాను. ఆవిడ చెయ్యి చూసింది, మూలన పేర్చిన పంచదార పొట్లాలు చూసింది, తిట్టాల్సినవన్నీ తిట్టింది. తిట్లయిపోయాక చాలాసేపు తమలపాకు నమిలింది. అప్పుడు సంచిలోంచి నూరిన పట్టు తీసింది. జాజికాయా లవంగమూ వేసి నూరినది, బాలింతల నుదుటికి రాసేది. దాంతోపాటు పదిహేను మూరల నడికట్టు.

అక్క అది చూసి బెదిరిపోయింది. "పెద్దమ్మా, ఏంటిది?"

"కదలకు."

"సిగ్గులేదా నీకు? మొగుడు పోయి పదకొండేళ్లయింది. నాకు నలభై తొమ్మిది నిండాయి. నా కూతురికే ఇద్దరు పిల్లలు. జనం చూస్తే ఏమంటారు?"

"ఏమైనా అననీ. ఈ పట్టు నుదుటి మీదుంటే నువ్వు లేవకూడదు. లేస్తే రక్తం కళ్లలోకి ఎక్కుతుందని పేటలో ప్రతి ఆడపిల్లకీ చెప్పింది నువ్వే కదా. కాళ్లు చాపుకో."

ముసలమ్మ బలం నాకు తెలుసు. ఒకసారి ఆవిడ మెడ పట్టిన దున్నపోతుకి మర్దనా చేస్తే అది నెల రోజులు పక్కకి చూడకుండా తిన్నగా నడిచింది. అక్కని గోడకి ఆనించి, పదిహేను మూరలూ బిగించి చుట్టి, నుదుటికి మందంగా పట్టు వేసి, కాళ్లు తిన్నగా చాపించింది.

"ఈ పొద్దు నుంచి ముప్పై అయిదు రోజులు. నువ్వు కన్నది నీ చెయ్యినే అనుకో."

మర్నాడు కింది వీధి ఆడవాళ్లు వచ్చారు, పంచదారతోనే. నేను గుమ్మంలో కూర్చుని చూశాను. ముందు వచ్చినావిడ అక్క నుదురు చూసింది, నోరు తెరిచింది, మూసింది. అక్క అలవాటుగా లేవబోయింది. అంతే, నలుగురు ఒక్కసారి "లేవకు, లేవకు!" అని అరిచారు. ఒకావిడ కెటిల్ పట్టుకుంది, ఒకావిడ చీపురు. ఇంకొకావిడ అక్క కాళ్ల కింద దిండు సర్దింది. మొన్న ఈ ఆడవాళ్ల చెల్లెళ్లూ వదినలే కూర్చుని అరటికాయలు తిన్నారు. ఆ పట్టు చూస్తే మా ఆడవాళ్ల చేతులు వాటంతటవే పని అందుకుంటాయి. అందులో వాళ్లు ఆలోచించేదేమీ ఉండదు.

పుకారు మాత్రం పుట్టింది. అందులో నా చెయ్యి లేదని చెప్పను. బజార్లో ఒకడు "వార్సితికి పిల్లాడా, పిల్లా?" అని అడిగితే, "కవలలు. ఒకడు పుడుతూనే సిగరెట్టు అడిగాడు" అన్నాను. వాడు నవ్వేసి ఊరుకుంటే బాగుండేది. మూడోనాడు ఎవరో ఉయ్యాల పంపించారు.

"జమిన్!" అని లోపలి నుంచి కేక వినపడింది. "చెయ్యి బాగుపడనీ. మొదట నీ చెంప మీదే పరీక్ష చేస్తా."

వీధుల సంగతి నింగ్రుమ్ తేల్చింది. ఐదో రోజు పొద్దున వచ్చి, అక్క ముందు నిలబడి, "సీసాలు ఎక్కడున్నాయి అక్కా?" అంది. ఆ పిల్లకి ముప్పై దాటాయి, ఇద్దరు పిల్లలు, మాట తక్కువ. వెనక ఇంకో నలుగురు, అందరూ అక్క ముప్పై అయిదు రోజులు కాపలా కాసినవాళ్లే. తలా రెండు మూడు వీధులు పంచుకున్నారు.

"వద్దు," అంది అక్క. "మీకు మీ ఇళ్లున్నాయి."

"నీ ఇల్లు లేదా నువ్వు మా ఇంటికొచ్చినప్పుడు?"

అక్క మొహం చిట్లించుకుని, ఎడంచేత్తో బుట్టున్న మూల చూపించింది.

ఇక మొదలైంది అసలు నరకం. బుట్ట ఇచ్చింది గానీ మనసు ఇవ్వలేదు. కాళ్లు చాపుకుని, వంటింట్లో రోకలి చప్పుడు వింటూ, "అది వట్టి పసుపు దంపుడు, చింతపండు వెయ్యలేదు" అని ఇక్కణ్ణుంచే అరిచేది. ఎసరు పొంగితే వాసన పట్టేది. ఇరవై రోజులు ఆవిడ నోరు మూత పడలేదు. చెయ్యి ఒక్కటే విశ్రాంతి తీసుకుంది. ఫిర్యాదులు కూడా ఇంటికే వచ్చేవి. ఒకరు చేదు సరిగా లేదనేవారు, ఒకరు పోసిన ఆవిడ నవ్వలేదనేవారు. నేనూ చెప్పాను, తీపి గ్లాసు సగమే పోస్తున్నారని. పన్నెండు వీధుల్లో మూడు వీధుల వాళ్లు అప్పుడే ఇంకో జమూ ఆవిడ దగ్గరికి మళ్లారని తెలిసినప్పుడు అక్క నడికట్టు విప్పేయబోయింది. ఒంటిచేత్తో పదిహేను మూరలు విప్పడం కుదరక ఏడ్చింది.

"ఇవ్వడం నాకు తెలుసురా," అంది ఆ పూట. "నింగ్రుమ్ వస్తుంది, పోస్తుంది, కడుగుతుంది, నాకు తినిపించి వెళ్తుంది. ఒళ్లంతా దురదలా ఉంది. ఆ పిల్లకి నేను పోసినప్పుడు కూడా ఇలాగే ఉండేదా?"

"నీకు ముప్పై అయిదు రోజులే. మా ఆవిడ పదిహేనేళ్లుగా నన్ను భరిస్తోంది" అన్నాను. అక్క నవ్వలేదు.

ముప్పయ్యో రోజున హెరావతి గారు వచ్చారు. పెద్ద మేడ ఆవిడ, పేట ఆడవాళ్లకి పెద్ద. వాళ్లమ్మాయి పెళ్లి ఇంకో మూడు రోజుల్లో. మా దగ్గర పెళ్లంటే పేట ఆడవాళ్లందరూ వెళ్లి వండాలి. కూలీ ఉండదు, పిలుపే. రాననడం ఉండదు. ఇప్పటిదాకా అక్క లేకుండా మా పేటలో ఒక పెళ్లి పొయ్యి వెలగలేదు.

హెరావతి గారు కూర్చుని, చెయ్యి ఎలా ఉందని అడిగి, టీ తాగి అన్నారు: "వార్సితీ, నువ్వేమీ చెయ్యక్కర్లేదు. ఊరికే వచ్చి వంటింట్లో కూర్చుని చూస్తే చాలు."

ఆ కూర్చుని చూడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మొదట ఉల్లిపాయలు ఒళ్లో పోస్తారు.

మా వైపు ఎవరూ మొహం మీద కాదనరు. సరే చూద్దాం అంటారు, అలాగే అంటారు, తర్వాత ఎలాగో చస్తారు. అక్క కూడా "సరే" అంటుందనే నేను నా రిక్షా వైపు చూశాను, ఎప్పుడు దించాలా అని.

"రాను అమ్మగారూ," అంది.

"ఏంటీ?"

"రాను. ఇంకా అయిదు రోజులున్నాయి."

హెరావతి గారు నవ్వారు, ఎవరో అసభ్యమైన మాట అంటే నవ్వినట్టు. "వార్సితీ, నీకు నిజంగా కాన్పయిందా ఏమిటి? ఈ వేషం ఆ ముసలిది వేసిందని పేటంతా తెలుసు."

"మీ కోడలికి కాన్పయినప్పుడు నేను ముప్పై అయిదు రోజులూ మీ మేడెక్కాను. ముప్పయ్యో రోజున ఎవరైనా వచ్చి, మా పెళ్లిలో కూర్చుంటే చాలు, ఆ పిల్లని పంపమంటే మీరు పంపేవారా?"

"అది వేరు."

"చెయ్యి నాదే అమ్మగారూ. ఇది లేకపోతే నేను తినేది లేదు."

హెరావతి గారు లేచారు. టీ గ్లాసు తనే వంటింట్లో పెట్టి వెళ్లారు. అది మర్యాద కాదు, కోపం. ఆవిడ వెళ్లాక అక్క నా వైపు తిరిగింది. "నేనేమన్నాన్రా? ఒరే జమిన్, నేనేమన్నాను?" అని పదిసార్లు అడిగింది. పన్నెండు వీధులు మోసినప్పుడు పట్టని చెమట పట్టింది. వెళ్లి క్షమాపణ చెప్పి రమ్మంది నన్ను. నేను గేటు దాకా వెళ్లి, టీ కొట్లో కాసేపు కూర్చుని, చెప్పానని అబద్ధమాడాను.

పెళ్లి అయింది. పేటలో ప్రతి ఇంటికీ అన్నం పెట్టెలు వచ్చాయి. నా ఇంటికి కూడా వచ్చింది, ఉయ్యాల పుకారు పుట్టించిన వాడికి. అక్క ఇంటికి రాలేదు. ఆ రోజంతా ఆవిడ గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది. నాకు హెరావతి గారి మీద కోపం, అక్క మీద కోపం, నా చేతిలోని పెట్టె మీద కూడా కోపం. అయినా తిన్నాను, మంచి వంట.

ముప్పై ఆరో రోజున రెబి నడికట్టు విప్పింది. చెయ్యి చెవి దాకా లేచింది. అంతకు మించి లేవదు, ఎప్పటికీ లేవదేమో అంది ముసలమ్మ. చెవి దాకా చాలు, గుడ్డ కొస విసరడానికి. పన్నెండు వీధుల్లో మూడు పోయాయి. మిగిలిన తొమ్మిదిలో నాలుగు నింగ్రుమ్‌కి ఇచ్చేసింది. ఇచ్చేసింది అంటే ఆవిడ ధోరణిలోనే, కొలతలు, పొయ్యి మంట, ఎవరింట్లో ఎవరికి ఏ నొప్పో అన్నీ చెప్పి. అయిదు వీధులు ఉంచుకుంది. అయిదు వీధుల్లోనూ తీపి గ్లాసు నిండుగానే పోస్తోంది. ఆ రోగం కుదరలేదు.

కొత్తగా వచ్చిన రోగం ఇంకొకటుంది. మా సంత వారానికి అయిదే రోజులు, అందులో పహింగ్ అనే రోజున ఆవిడ బయటికి రాదు. ఫలానా పని ఉందని కాదు. రాదు, అంతే. మొన్న పహింగ్ నాడు వర్షంలో తడిసి, ఒళ్లు పచ్చిపుండై ఆరింటికి వెళ్లి తలుపు తట్టాను.

"ఎవరు?"

"నేనే అక్కా. ఒక్క గ్లాసు."

"ఇవాళ లేదు."

"లోపల సీసాలో ఉంటుందిగా. పాతికేళ్ల వాడకందారుణ్ణి!"

"రేపు రా."

"జ్వరమొస్తే?"

"నింగ్రుమ్ దగ్గరికి పో. నాలుగు వీధులు దాటితే ఉంటుంది."

నాలుగు వీధులు! గుమ్మం ముందు నిలబడి, ఈ ఆవిడకి విశ్రాంతి నేర్పించడానికి నేను పడ్డ పాట్లన్నీ ఏకరువు పెట్టాను, పేటకి వినపడేలా. తలుపుకి చెవి ఆనించి విన్నాను. నిద్రపోయింది.